పెట్టెలో మిగిలిపోయిన పెళ్లిళ్లు

అమలాపురంలో ఒకప్పుడు వీడియో స్టూడియో నడిపిన కుటుంబం అది. భర్త కెమెరా పట్టేవారు, భార్య ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చునేది. గులాబీ పువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్లికూతురి పేరు రావడం, వధూవరుల ముఖాలు హృదయం బొమ్మలో గిరగిర తిరగడం లాంటివన్నీ ఆవిడ చేతిపనే. ఆయన పోయారు. స్టూడియో షట్టరు దించి చాలాకాలమైంది. మిగిలినవి రెండు ఇనప పెట్టెల నిండా వీహెచ్ఎస్ క్యాసెట్లు. చిన్నపెట్టెలోవి ఇంటివి. పెద్దపెట్టెలోవి ఊళ్లోవాళ్లవి: బాకీ కట్టలేక వదిలేసినవి, ఇంకో కాపీ కావాలని చెప్పి మళ్లీ రానివాళ్లవి, తుడిచి వాడుకుందామని పక్కన పడేసిన మాస్టర్లు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఇవన్నీ డిజిటల్లోకి ఎక్కిస్తానంటాడు. మేనత్త వద్దంటుంది. ఇలాంటి వాదనల్లో మామూలుగా యంత్రం తెలిసినవాళ్లు ఎక్కిద్దామంటారు, తెలియనివాళ్లు ఎందుకులే అంటారు. ఇక్కడ యంత్రం బాగా తెలిసిన మనిషే వద్దంటోంది. అందుకే రాసిపెట్టాలనిపించింది.

మేనల్లుడు: అత్తా, ఫునాయ్ అని ఒక జపాన్ కంపెనీ ఉండేది. ప్రపంచంలో అందరూ మానేశాక కూడా అది వీసీఆర్లు తయారు చేసింది. 2016 జూలైలో అదీ ఆపేసింది. ఇంక కొత్త మిషను పుట్టదు. ఉన్నవాటికి హెడ్లు అరిగిపోతున్నాయి, బెల్టులు సాగిపోతున్నాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగి తిరిగి ఒకటి పట్టుకున్నాను. యూఎస్‌బీ డాంగిల్ కూడా కొన్నాను. పెట్టెలు రెండూ ఇచ్చేస్తే సెలవుల్లో కూర్చుని ఎక్కించేస్తాను.

అత్త: సంతలో కొన్న మిషన్లో మొట్టమొదట ఏ క్యాసెట్టు పెడతావు?

మేనల్లుడు: ఇంకేది? తాతయ్య షష్టిపూర్తిది.

అత్త: అందుకే ఇవ్వనంటున్నాను. ముక్కూ మొహం తెలియని మిషన్లో ముందు పెట్టాల్సింది, నలిగిపోయినా మనం ఏడవనిది. ఏదో సినిమా క్యాసెట్టు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి ఆడించి, బయటికి తీసి అంచు మడత పడిందేమో చూడాలి. సరే, ఇంకో మాట. క్యాసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. అది విరగ్గొడతావా, లేదా?

మేనల్లుడు: అదెందుకు విరగ్గొట్టడం?

అత్త: అది ఉన్నంతసేపూ క్యాసెట్టు మీద కొత్తగా రికార్డు చెయ్యచ్చు. నీ వేలు తప్పి ఆ మీట మీద పడితే తాతయ్య పోయి నీలం తెర వస్తుంది. మీ మావయ్య డెలివరీ ఇచ్చే ముందు ప్రతిదీ తనే విరగ్గొట్టి ఇచ్చేవాడు. అయినా ఆ సందులో సెల్లోటేపు అంటించి, పెళ్లి మీద సినిమా ఎక్కించుకున్నవాళ్లు ఊళ్లో లేకపోలేదు. అంటించి ఉందేమో చూసుకో. ఉంటే ముందది పీకు.

మేనల్లుడు: సరే, ఇవన్నీ జాగ్రత్తలు. నేర్చుకుంటాను. జాగ్రత్తలు చెప్పడం వేరు, వద్దనడం వేరు కదా. ఆస్ట్రేలియాలో జాతీయ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ 2015లోనే 2025ని గడువుగా పెట్టింది. ఆలోగా డిజిటల్లోకి మారని టేపుల్లో చాలావాటి మీద ఆశ వదులుకోవాల్సిందేనంది. యునెస్కో కూడా ప్రపంచమంతటికీ టేపుల మీద హెచ్చరిక పంపింది.

అత్త: ఆ 2025 వచ్చింది, వెళ్లింది. మన పెట్టెలో ఉన్నవి పంచాంగం చూసుకుని ఆ ఉగాదికి చచ్చిపోయాయా?

మేనల్లుడు: టేపు ఆ రోజున చస్తుందని కాదు వాళ్లన్నది. మిషన్లు, విడిభాగాలు, బాగుచేసే మనుషులు, మూడూ ఒకేసారి దొరకని రోజు వస్తుందని. టేపు బాగానే ఉంటుంది, చదివేవాడు ఉండడు.

అత్త: అది ఒప్పుకుంటాను. మన కోనసీమలో టేపు కూడా బాగా ఉండదు. పెద్దపెట్టె మూత తీసి ఒక క్యాసెట్టు కిటికీ దగ్గర పట్టుకుని చూడు. రీలు నల్లగా నిగనిగలాడుతూ ఉండాలి. ఏం కనిపిస్తోంది?

మేనల్లుడు: తెల్లగా ఏదో పట్టినట్టుంది. దుమ్మా?

అత్త: బూజు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి మన స్టూడియో మీద పెంకు ఒక్కటి మిగల్లేదు. కొబ్బరి చెట్లు ఎన్ని కూలాయో నీకు తెలీదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆ నీళ్లు పెట్టెలోకి దిగాయి. మర్నాడు ఎండలో పెట్టాం కానీ రీలు లోపలి పొరలకి ఎండ ఎలా తగులుతుంది? ఇప్పుడిది తీసి నీ సంత మిషన్లో పెట్టావనుకో. లోపల డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దానికి రెండు హెడ్లు, ఒక్కో హెడ్డుకి ఉండే సందు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. బూజు నలుసు ఒకటి అందులో ఇరుక్కుంటే తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాదు. పోనీ అంతటితో ఆగుతుందా? డ్రమ్ముకి అంటిన పొడి తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుని గీరేస్తుంది. బూజు పట్టింది ఒక్కటే అయినా పాడయ్యేది వరసగా అన్నీ.

మేనల్లుడు: నెట్‌లో టేపుల్ని సన్నని వేడిలో కాల్చితే బాగవుతాయని చదివాను.

అత్త: ఆ వైద్యం వేరే జబ్బుకిరా. కొన్నిరకాల స్టూడియో టేపుల్లో పూత తేమ పీల్చి బంకలా తయారవుతుంది, వాటికి ప్రయోగశాలల్లో వేడి కొలిచి చేస్తారు. బూజుకి కాదు. ఇంట్లో ఓవెన్‌లో పెట్టావంటే క్యాసెట్టు డొక్క వంకరపోతుంది. బూజుకి ముందు ఆరబెట్టాలి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో క్యాసెట్టు ఉంచి మూత బిగించి వదిలెయ్యి. తేమ పోతే బూజు పొడిలా రాలడానికి సిద్ధమవుతుంది. అప్పుడు ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని, డొక్క విప్పాలి. ఉన్నవి అయిదు స్క్రూలే. రీళ్లు రెండూ బయటికి తీసి, పోగులు రాలని మెత్తని గుడ్డ మధ్యలోంచి టేపుని నెమ్మదిగా నడిపించాలి. తరవాత వేరే శుభ్రమైన డొక్కలోకి మార్చాలి. హెడ్డు తుడవాలంటే తెల్ల కాగితానికి స్పిరిట్ రాసి, డ్రమ్ముకి ఆనించి ఉంచి, చేత్తో డ్రమ్మునే తిప్పాలి. కాగితం కిందికీ మీదికీ కదిపావా, హెడ్డు ఊడివస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు దగ్గరికి రానివ్వకు.

(ఇంత తెలిసిన మనిషి తన విద్య వాడుకోవడానికి ఇష్టపడకపోవడం ఏమిటని నాకూ అనిపించింది. ఆ మాట మేనల్లుడు అడిగాడు.)

మేనల్లుడు: నువ్వే చేస్తే నాకన్నా పదింతలు బాగా చేస్తావు. మరెందుకు వద్దంటావు?

అత్త: మీ అమ్మా నాన్నల పెళ్లి క్యాసెట్టు ఏమైందో తెలుసా నీకు?

మేనల్లుడు: వీసీడీల్లోకి మార్పించారు కదా. బీరువాలో ఉన్నాయి, మూడు డిస్కులు.

అత్త: మార్పించి క్యాసెట్టు పారేశారు. సీడీ వచ్చేసిందిగా, ఇంకా ఆ డొక్కు ఎందుకని. అప్పుడు ఊరంతా అదే పని. మా స్టూడియోలో కూడా రోజుకి ఎన్నో మార్చేవాళ్లం. ఆ డిస్కులు ఎప్పుడైనా వేసి చూశావా?

మేనల్లుడు: రెండోది ఆడదు. మిగతా రెండూ ఆడతాయి కానీ మొహాలన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి. వీసీడీ అంటే 352 గుణించు 288 చుక్కలే కదా. వీహెచ్ఎస్ టేపు నుంచి జాగ్రత్తగా తీసుకుంటే 576 గీతలు నిలువుకి వచ్చేవి.

అత్త: అదే చెబుతున్నాను. క్యాసెట్టు ఉంచుకుని ఉంటే ఈరోజు నువ్వు కొత్త పద్ధతిలో మళ్లీ తీసుకునేవాడివి. అప్పుడు కూడా అందరూ అన్నమాట ఇదే: టేపు పోతుంది, డిజిటల్ శాశ్వతం. పోయింది డిస్కు. ఇప్పుడు నువ్వు వచ్చి అదే మాట అంటున్నావు, డిస్కు బదులు ఇంకోటి చూపించి.

మేనల్లుడు: నేను ఆ తప్పు చెయ్యను. టేపులు పారెయ్యను. ఫైళ్లు రెండు రకాలుగా ఉంచుతాను. ఎఫ్ఎఫ్‌వీ1 అని ఒక పద్ధతి ఉంది, అందులో చిత్రం ఒక్క చుక్క కూడా పోకుండా దాచుకోవచ్చు. గంటకి 30, 40 జీబీ అవుతుంది. అది అసలు ప్రతి. ఫోన్లో చూసుకోవడానికి చిన్న ఎంపీ4 వేరే. అసలు ప్రతి రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర.

అత్త: నీ దగ్గరున్న డిస్కు ఆగిపోతే?

మేనల్లుడు: నీ దగ్గరున్న దాంట్లోంచి ఇంకోటి తీస్తాను. ఏడాదికోసారి రెండూ తెరిచి చూడాలి, అయిదారేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చాలి.

అత్త: అంటే క్యాసెట్టుకన్నా నీ డిస్కుకే చాకిరీ ఎక్కువ. ఈ క్యాసెట్లని ముప్పయ్యేళ్లు నేను పట్టించుకోకపోయినా వీటిలో సగానికిపైగా ఇప్పటికీ ఆడతాయి. నువ్వు నీ డిస్కుని ముప్పయ్యేళ్లు పట్టించుకోకపోతే?

మేనల్లుడు: ఆడదు. అది నిజం. కానీ డిస్కులోంచి ఇంకో డిస్కులోకి మారిస్తే నాణ్యత పోదు. క్యాసెట్టు మీద నుంచి క్యాసెట్టుకి మారిస్తే పోతుంది కదా.

అత్త: పోతుంది. అది నాకు చెప్పక్కర్లేదు. కెమెరాలో ఎక్కింది మాస్టర్. దాంట్లోంచి టైటిల్సు, పాటలు కలిపి ఎడిట్ చేసింది రెండో తరం. పెళ్లికి రాలేక కువైట్‌లోనో, దుబాయిలోనో ఉన్న అన్నదమ్ములకి పంపింది దాని కాపీ, అంటే మూడో తరం. ఒక్కో తరానికి రంగు కారిపోతుంది, అంచులు అలుక్కుపోతాయి. ఎర్రచీర అంచు దాటి పక్కకి వచ్చేది. నువ్వు ఇంట్లో వెతికితే దొరికేది రెండో తరమో మూడో తరమో. ఎందుకంటే మాస్టర్ మళ్లీ వాడుకునేవాళ్లం. ఖాళీ క్యాసెట్టు ఖరీదు అప్పట్లో తక్కువేం కాదు.

మేనల్లుడు: మరి పెద్దపెట్టెలో మాస్టర్లు ఉన్నాయన్నావు?

అత్త: ఉన్నాయి. తుడిచి వాడుకుందామని పెట్టినవి, తుడవకుండా మిగిలిపోయినవి. వాటికి టైటిల్సు ఉండవు, లేబులు మీద ఊరి పేరు తప్ప ఏమీ ఉండదు.

మేనల్లుడు: అత్తా, మాస్టర్లంటే అసలు శబ్దం ఉంటుంది కదా! ఇళ్లల్లో ఉన్న క్యాసెట్లన్నిటా సినిమా పాటలే. తాళి కట్టేటప్పుడు ఒక పాట, తలంబ్రాలకి ఒక పాట, అప్పగింతలకి ఏడుపు పాట. మాటలన్నీ మీరే తుడిచేశారు.

అత్త: అడిగి తుడిపించుకున్నారురా. పాట లేని వీడియోకి డబ్బు ఇవ్వమనేవారు. మైకు కెమెరా మీదే ఉండేది, జనరేటర్ హోరు, బ్యాండు మేళం, లైటు పట్టుకున్న కుర్రాణ్ణి మీ మావయ్య తిట్టిన తిట్లు, అన్నీ అందులో పడేవి. వాటిమీద పాట వేస్తే వినడానికి హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ పాటలు ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు కావాల్సింది ఆ హోరే. అయితే ఒక కిటుకు చెబుతాను. కొన్ని హై-ఫై వీసీఆర్లలో శబ్దం రెండుచోట్ల ఎక్కుతుంది. టేపు అంచున మామూలు గీత మీద ఒకసారి, చిత్రం కిందే లోపల ఇంకోసారి. ఎక్కేసిన టేపు మీద పాట తర్వాత అతికిస్తే అది అంచు గీత మీదే పడుతుంది. లోపలున్నది చెక్కుచెదరదు. మిషన్లో శబ్దం మార్చే మీట నొక్కి చూడాలి. అన్నిటికీ కుదరదు. చాలావాటిలో లోపల ఏమీ ఉండదు. కానీ చూడకుండా ఎక్కించేస్తే ఉన్నచోట కూడా పోగొట్టుకుంటావు.

మేనల్లుడు: ఇది ఏ షాపువాడూ చెప్పడు.

అత్త: వాడు క్యాసెట్టుకింత అని తీసుకుంటాడు, పసుపు వైరు గుచ్చుతాడు, మీట నొక్కి భోజనానికి వెళ్తాడు. మధ్యలో చిత్రం వణికినా, మాట ఒకచోట పెదవి ఒకచోట అయినా వాడికేం?

మేనల్లుడు: ఆ వణుకు నాకు తెలుసు. టేపు సాగడంవల్ల గీతలు సమయానికి రావు, డాంగిల్ తట్టుకోలేక ఫ్రేములు వదిలేస్తుంది, శబ్దం మాత్రం పరిగెత్తుకుంటూ వెళ్లిపోతుంది. గీతల్ని సర్దడానికి టైమ్ బేస్ కరెక్టర్ కావాలి, అది చాలా ఖరీదు. పాత డీవీడీ రికార్డర్లు కొన్నింటి గుండా పంపితే కొంత సర్దుకుంటుందంటారు, అది చూస్తాను. ఎస్-వీడియో ఉన్న మిషను దొరికితే ఇంకా మంచిది. కానీ నిజం చెప్పు, వీహెచ్ఎస్ బొమ్మలో ఉండే వివరమే అడ్డంగా 240 గీతలకి మించదు. అంత తక్కువదానికి ఇంత హంగామా అవసరమా?

అత్త: ఉన్నదే తక్కువైనప్పుడు అందులోంచి పోగొట్టుకోవడానికి ఏముందిరా?

(ఈ ఒక్క మాటకి మేనల్లుడు కాసేపు జవాబు చెప్పలేదు. నా మటుకు, ఈ విషయం మీద వచ్చిన సాంకేతిక వ్యాసాలన్నిటికన్నా ఇది మేలైన సలహా.)

మేనల్లుడు: ఇంకోటి, షాపుల్లో 25 ఫ్రేములు చేసి ఇస్తారు. మన పాల్ పద్ధతిలో సెకనుకి 50 సగం బొమ్మలు ఉంటాయి. సగం పారేస్తే పందిట్లో పిల్లల పరుగు, బ్యాండువాళ్ల చేతుల కదలిక అన్నీ కుదుపులు కుదుపులుగా వస్తాయి. నేను 50 ఉంచుతాను. తర్వాత ఏఐతో శుభ్రం చేస్తే బ్రహ్మాండంగా వస్తుంది. మామ్మది ఒక ముక్క చేసి తెచ్చాను చూడు.

అత్త: ఏదీ... ఎవర్రా ఈవిడ?

మేనల్లుడు: మామ్మే. మావయ్య వాళ్లమ్మ.

అత్త: మా అత్తగారి మొహం నిండా స్ఫోటకం మచ్చలు. చిన్నప్పుడు వచ్చి బతికి బట్టకట్టిన మనిషి. మచ్చలేవి? ఎడమ ముక్కుకి బేసరి ఏది? నున్నగా టీవీ సీరియల్లో అత్తగారిలా చేసి పెట్టావు. నీ యంత్రం మొహాన్ని బాగుచెయ్యలేదు, కొత్త మొహం అతికించింది.

మేనల్లుడు: అది మచ్చని మరక అనుకుంది. సరే, దీన్ని అసలు ప్రతి మీద ఎక్కించను. పక్కన ఆటకి ఉంచుతాను.

అత్త: ఆటకి కూడా వద్దు. రేపు నీ పిల్లలు ఏది అసలో తెలీక దీన్నే పటం కట్టి గోడకి తగిలిస్తారు.

మేనల్లుడు: పోనీ తీసేస్తాను. అత్తా, ఇంటివాటి గురించి నువ్వు చెప్పినట్టే చేస్తాను, ఒప్పుకున్నాను. నాకు ఎక్కువ ఆశ పెద్దపెట్టె మీద. మాస్టర్లలో సినిమా పాటల్లేవు కాబట్టి యూట్యూబులో పెట్టినా ఎవడూ అడ్డు చెప్పడు. పాటలున్నవి పెడితే ఆడియో కంపెనీ హక్కులని క్షణంలో ఆపేస్తారు. ఇవి ఆపరు. ఇవి నిజమైన నిధి. తుపానుకి ముందు కోనసీమ ఎలా ఉండేదో వీటిలో ఉంది. మండువా లోగిళ్లు, వంతెనలు రాకముందు పంటు మీద గోదావరి దాటుతున్న పెళ్లివారు, ఎత్తైన కొబ్బరితోటల మధ్య పందిళ్లు, విస్తళ్లలో బంతి భోజనాలు, ఆడవాళ్లు పాడిన పెళ్లిపాటలు. ఏ డాక్యుమెంటరీ వాడూ తీయలేదు ఇవి. తీసింది మావయ్యలాంటి వాళ్లే. ఇది చరిత్ర కదా?

అత్త: చరిత్రే. కానీ అది ఎవరిదో ఇల్లు కూడా. ఒక క్యాసెట్టు చెబుతాను. తాంబూలాల రోజు. పళ్లెంలో కట్టలు పెట్టి, కెమెరాకి తిప్పి, ఒక్కో కట్టా లెక్కపెడుతూ చూపించారు. కట్నం తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అది వాళ్లకి తెలుసో తెలీదో, గొప్ప కోసం తీయమన్నారు, మీ మావయ్య తీశాడు. ఇంకో క్యాసెట్టులో పెళ్లికూతురికి నిండా పదిహేనేళ్లు లేవు. పుస్తెలు కట్టేటప్పుడు ఆ పిల్ల కునికిపాట్లు పడుతోంది. నేనే ఆ ముక్క కత్తిరించి, బదులుగా పూలు జల్లే బొమ్మ వేశాను. మాస్టర్లో అది ఉంటుంది. నీ ఛానల్లో వేస్తావు, లక్ష మంది చూస్తారు, కింద నవ్వుతూ బొమ్మలు పెడతారు. ఆవిడ ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరికి అత్తగారో.

మేనల్లుడు: అలాంటివి పెట్టను. మంచివి ఏరి పెడతాను.

అత్త: ఏది మంచిదో నీకెలా తెలుస్తుంది? ఎంతో సంతోషంగా ఉన్న పెళ్లి ఒకటుంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటూనే ఉంటారు. రెండేళ్లకి ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది, ఇంక వెళ్లలేదు. ఆ క్యాసెట్టు వాళ్ల నాన్నే వచ్చి, మిగతా డబ్బు కట్టి, మీ దగ్గరే ఉంచెయ్యండి అని వెళ్లిపోయాడు. నువ్వు చూస్తే అందులో నవ్వులే కనిపిస్తాయి.

మేనల్లుడు: అయితే బాకీ కట్టనివాళ్ల సంగతి? వాళ్లు డబ్బివ్వలేదు, క్యాసెట్టు మన డబ్బుతో కొన్నది, తీసింది మావయ్య. అది మనదే కదా?

అత్త: ప్లాస్టిక్కు మనది. బొమ్మ మనది కాదు. ఇదే పేచీ ఒకసారి వచ్చినప్పుడు మీ మావయ్య ఒక ప్లీడరుగారిని అడిగాడు. 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షను ఉందట. డబ్బు ఇచ్చి ఎవరైనా ఫొటోగానీ సినిమాగానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్న వాళ్లదేనని. బాకీ ఉంటే బాకీ కోసం గొడవపడచ్చు, బొమ్మ ఊరందరికీ చూపించుకోడానికి కాదన్నాడు.

మేనల్లుడు: చట్టం సంగతి సరే. నేను ఎవరికీ చూపించను. ఎక్కించి దాస్తాను. ముందు బూజు నుంచి బయటికి తీద్దాం, ఎవరికివ్వాలో తర్వాత ఆలోచిద్దాం. ఇప్పుడు ఎక్కించకపోతే తర్వాత ఆలోచించడానికి ఏమీ మిగలదు. ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే కదా అత్తా. నువ్వు తాళం వేసుకుని కూర్చుంటే, ఆవిడ కునికిపాట్లతోపాటు ఆవిడ వాళ్లమ్మ గొంతు కూడా పోతుంది. ఆ గొంతు ఇంకెక్కడా ఉండదేమో. అది ఆవిడకి కావాలేమో, ఎవరు అడిగారు?

అత్త: ...ఎవరూ అడగలేదు.

మేనల్లుడు: నువ్వూ అడగలేదు.

అత్త: అడగలేదు. బాకీ అడగడానికి వెళ్లినట్టు ఉంటుందని మొహమాటం. తరవాత మీ మావయ్య పోయాడు. తరవాత వీసీఆర్లే పోయాయి, క్యాసెట్టు పట్టుకెళ్లి ఇస్తే మాత్రం దేంట్లో చూస్తారని. అలా జరిగిపోయింది. నువ్వన్నది నిజమే, ముప్పయ్యేళ్లుగా తర్వాత ఆలోచిద్దామనే కూర్చున్నాను. నీ మాటా అదేగా? ఎక్కించి దాస్తాను, తర్వాత ఆలోచిస్తాను. దాచింది ఇనప పెట్టెలోనో డిస్కులోనో, ఇంతే తేడా. పైగా పెట్టెలోది ఎవడూ ఎత్తుకెళ్లి ఊరందరికీ పంచలేడు.

మేనల్లుడు: తేడా ఉంది. డిస్కులోది బూజు పట్టదు. ఆవిడ ఒకరోజు వచ్చి అడిగితే ఇవ్వడానికి ఉంటుంది.

అత్త: ఆవిడెలా వస్తుంది? ఉందనే తెలీదు. మనమే వెళ్లాలి. ఆ చెక్క బీరువా పై అరలో చూడు, ఎర్ర అట్ట పుస్తకం. ఆర్డర్ల పుస్తకం. పేరు, ఊరు, ముహూర్తం, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత, అన్నీ మీ మావయ్య రాతలోనే ఉన్నాయి. లేబుళ్లు చెదిరిపోయినా ముహూర్తం తారీఖు బట్టి పోల్చుకోవచ్చు. మాస్టర్ మొదట్లో ఎప్పుడూ పందిరి ముందు పెట్టిన బోర్డు తీసేవాడు, అదీ ఒక ఆనవాలు.

మేనల్లుడు: ఇందులో సగం ఊళ్లు నాకు తెలీదు. ముమ్మిడివరం, అంబాజీపేట, రాజోలు...

అత్త: కాలువ గట్టు పట్టుకుని వెళ్తే అన్నీ తెలుస్తాయి. పెద్దవాళ్లు పోయి ఉంటారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఎవరో ఒక చుట్టం ఉంటాడు. మీ పెళ్లి క్యాసెట్టు మా దగ్గర ఉంది, బాకీ అక్కర్లేదు, ఏం చెయ్యమంటారు అని అడుగు. ఎక్కించి ఇమ్మంటే ఎక్కించి ఇద్దాం, నేను పక్కన కూర్చుంటాను. నీ చరిత్ర కోసం ఒక కాపీ ఉంచుకోమంటే ఉంచుకో. ఊళ్లోవాళ్లు అనుకున్నంత కఠినంగా ఉండరు, చాలామంది ఉంచుకోమంటారు. అమెరికా నుంచి వచ్చినవి కొన్ని వేరే కట్టలో ఉన్నాయి, అవి ఎన్టీఎస్సీ. మన మిషన్లో పెడితే నల్లగా దొర్లుతూ వస్తాయి, చెడిపోయాయనుకుని పారెయ్యకు. వాటికి రెండూ ఆడే మిషను కావాలి.

మేనల్లుడు: సరే. అడుగుతాను. వాళ్లు మాకు అక్కర్లేదు, తగలబెట్టెయ్యమంటే?

అత్త: తగలబెడతావా?

మేనల్లుడు: ఒక్క కాపీ నా దగ్గర...

అత్త: చూశావా. అందుకే పెద్దపెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. చిన్నపెట్టె పట్టుకెళ్లు, అది మనది. పుస్తకం కూడా పట్టుకెళ్లు. ఈసారి వచ్చేటప్పుడు బెల్టు మార్పించిన మిషను తీసుకురా, దొరికితే రెండు తే. ఒకటి బూజు వాటికి, ఒకటి మంచివాటికి. రెండూ కలపకు.